అరబ్బీ మాండలికాల అధ్యయనం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది గమనించాలి

అరబ్బీ మాండలికాలను అధ్యయనం చేయాలనుకునేవారు సాధారణంగా దేశాల పేర్లతో మొదలుపెడతారు. ఈజిప్టు అరబ్బీ, ఇరాకు అరబ్బీ, మొరాకో అరబ్బీ అని పట్టిక వేసుకుని, ఒక్కొక్క దేశం కింద కొన్ని మాటలు రాసుకుంటారు. ప్రయాణికుడికి ఆ పట్టిక చాలు, అధ్యయనానికి చాలదు. కొన్ని ధ్వనుల విషయంలో కైరో నగరం పలుకు దక్షిణ ఈజిప్టు పల్లెల కన్నా డమాస్కస్‌కే దగ్గరగా ఉంటుంది. బాగ్దాదులో పక్కపక్క ఇళ్లలో పుట్టి పెరిగినవారు కూడా మతాన్ని బట్టి ఒకే క్రియను వేరు వేరుగా పలికేవారు. కాబట్టి దేశాన్ని పక్కన పెట్టి, ఒక్కొక్క భాషాంశాన్ని చేతికి తీసుకుని, అది ఏ ఊళ్లో, ఎవరి నోట, ఎవరి ఎదుట ఎలా మారుతున్నదో చూడటమే సరైన దారి అని నా నిశ్చితాభిప్రాయం. ఈ వ్యాసం ఆ దారిలో ఎలా నడవాలో చెబుతుంది.

ముందుగా ఫుస్‌హా సంగతి తేల్చుకోవాలి. రాతకూ, వార్తలకూ, ఉపన్యాసానికీ వాడే ఆ ప్రామాణిక భాష ఎవరికీ ఉగ్గుపాలతో వచ్చినది కాదు, బడిలో నేర్చుకునేది. ఇంట్లోనూ అంగట్లోనూ మాట్లాడేది ఆమ్మియ్యా. మొరాకో, అల్జీరియాల్లో దాన్ని దారిజా అంటారు. ఇటువంటి రెండంచెల అమరికను భాషావేత్త చార్లెస్ ఫెర్గూసన్ 1959లో డైగ్లాసియా అన్న పేరుతో వివరించాడు. ఆయన తీసుకున్న నాలుగు ఉదాహరణల్లో అరబ్బీ ఒకటి. గ్రాంథిక, వ్యావహారిక వాదాలూ గిడుగు రామమూర్తి చేసిన పోరాటమూ తెలిసిన తెలుగు పాఠకులకు ఈ పరిస్థితి కొత్తగా తోచదు గాని, తెలుగు రాత శిష్టుల వాడుక వైపు జరిగినట్టుగా అరబ్బీ రాత జరగలేదన్నది గుర్తుంచుకోవాలి.

మాండలికాలను చదివేవారు ఫుస్‌హాను కనీసం అక్షరాలూ, క్రియారూపాలూ, మామూలు పదాలూ తెలిసే మేరకు నేర్చుకోవాలి. రెండు మాండలికాల మాటలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి అదొక కొలబద్దగా పనికివస్తుంది. అయితే దాన్ని అన్ని మాండలికాలకూ తల్లిగా భావించకూడదు. వాడుక భాష అంతా ఫుస్‌హా చెడిపోగా మిగిలినదేనన్న నమ్మకం అరబ్బుల్లోనే బలంగా ఉంది. కాని 8వ శతాబ్దపు వ్యాకర్త సీబవైహి నాటికే పశ్చిమ అరేబియాలోని హిజాజ్ వారి వాడుక ఒకటి, తమీమ్ తెగవారి వాడుక మరొకటి అని వేరుగా నమోదు చేసే అవసరం కలిగింది. భేదాలు మొదటినుంచీ ఉన్నాయి. మీరు మాట్లాడించే మనిషి తన భాషను తానే తప్పుల భాష అని తీసిపారేసినా, మీ నోట్‌బుక్కులో ఆ తీర్పుకు చోటు ఇవ్వకండి.

రెండో ఏర్పాటు లిపి. తెలుగు లిపిలో అరబ్బీని నమోదు చేయబోతే కొన్ని తేడాలు చెరిగిపోతాయి. 'తీన్' అంటే అంజూరపు పండ్లు. నాలుక వెనుక భాగాన్ని గొంతు వైపు లాగి, బరువుగా పలికే మరో తకారంతో అదే మాట మట్టి అవుతుంది. ఆ బరువైన తకారం మన టకారం కాదు, ఎందుకంటే నాలుక కొన వెనక్కి మడత పడదు. తెలుగువారు అలవాటుగా దాన్ని ట అని రాసుకుంటారు. అక్కడినుంచి పొరపాట్లు మొదలవుతాయి. రెండు విధాల హకారాలూ, రెండు విధాల సకారాలూ అంతే. అందువల్ల నోట్‌బుక్కులో అంతర్జాతీయ ధ్వనిలిపినో, అరబ్బీ అక్షరాలనో వాడండి. ఇక్కడ మాత్రం చదవడానికి వీలుగా తెలుగులోనే రాస్తున్నాను: ఖాఫ్ అనే అక్షరాన్ని, అంటే కొండనాలుక దగ్గర లోతుగా పలికే కకారాన్ని, 'ఖ' అని చూపిస్తున్నాను.

ఆ ఖాఫ్‌తోనే మొదలుపెట్టండి. అరబ్బీ మాండలికాల గురించి ఒక్క అక్షరం ఇంతగా చెప్పే సందర్భం మరొకటి లేదు. గుండెకు ఫుస్‌హాలో ఖల్బ్ అంటారు. కైరోలో, డమాస్కస్‌లో, బేరూతులో ఖాఫ్ స్థానంలో గొంతు క్షణకాలం మూసుకుని తెరుచుకుంటుంది, కాబట్టి మనకు 'అల్బ్' అని వినిపిస్తుంది. ఎడారి సంచార తెగలైన బెదూయిన్ల పలుకులోనూ, గల్ఫ్ దేశాల్లోనూ, దక్షిణ ఈజిప్టులోనూ, బాగ్దాదు ముస్లింల మాటలోనూ అది గకారం: గల్బ్, గలుబ్. ట్యూనిస్ వంటి పాత నగరాల్లో ఖాఫ్ ఖాఫ్‌గానే నిలిచింది. అదే ఉత్తరాఫ్రికాలో, 11వ శతాబ్దంలో బనూ హిలాల్ తెగలు వలస వచ్చి స్థిరపడిన మైదానాల్లో గకారం వినిపిస్తుంది. అంటే ఈ అక్షరం గీసే గీత దేశాల సరిహద్దుల వెంట పోదు. పాత నగరాలను ఒక పక్కకూ, ఎడారి తెగల వారసులను మరో పక్కకూ చేరుస్తూ మొరాకోనుంచి ఇరాకు వరకు సాగుతుంది.

పాలస్తీనాలోని కొన్ని పల్లెల్లో ఖాఫ్ మామూలు కకారం అయిపోయింది. అక్కడ గుండెను 'కల్బ్' అంటారు. అరబ్బీ కొద్దిగా తెలిసినవారు ఇక్కడ ఉలిక్కిపడతారు, ఎందుకంటే ఫుస్‌హాలో కల్బ్ అంటే కుక్క. అయినా ఆ పల్లెవాసులకు ఏ తికమకా లేదు. వారి నోట పాత కకారం చకారంగా మారి, కుక్క 'చల్బ్' అయింది. ఒక ధ్వని జరిగితే దాని పక్క ధ్వని కూడా జరిగి చోటిచ్చింది. ఇక్కడినుంచి నేర్చుకోవలసిన పద్ధతి ఒకటుంది: ఒక మాండలికంలో ఒక ధ్వని మారినట్టు కనబడితే అక్కడితో ఆగక, దాని పొరుగు ధ్వనులు ఏమయ్యాయో వెంటనే అడగాలి. ఖాఫ్ గురించి అడిగి, మామూలు కకారానికి రాసే కాఫ్ గురించి అడగకపోతే సగం సమాచారమే చేతికి వస్తుంది.

గల్ఫ్‌లో మరో మెట్టు ఉంది. ఇకారం వంటి అచ్చుల పక్కన గకారం జకారంగా మారుతుంది, కకారం చకారంగా మారుతుంది. దీనికి తెలుగు పాఠకులందరికీ తెలిసిన నిదర్శనం షార్జా. ఆ ఊరి పేరును అరబ్బీలో ఖాఫ్‌తో 'అష్షారిఖా' అని రాస్తారు. స్థానికుల నోట ఇకారం పక్కన ఉన్న ఆ ఖాఫ్ గ మీదుగా జ అయి 'షార్జా' అయింది. ఇటువంటి తాలవ్యీకరణం మనకు పరాయిది కాదు. కన్నడంలో కివి, మనకు చెవి. కన్నడంలో కెరె, మనకు చెరువు. ఇ, ఎ ల ముందు కకారం చకారమయ్యే మార్పు తెలుగు చరిత్రలోనే ఉన్నది కాబట్టి, గల్ఫ్ అరబ్బీలో అది ఏ అచ్చుల పక్కన జరుగుతుంది, ఏ మాటల్లో జరగకుండా ఆగిపోయింది అని పరిశీలించడం తెలుగు విద్యార్థికి మంచి తొలి అభ్యాసం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఖాఫ్‌ను పరీక్షించడానికి మతానికీ చదువుకూ సంబంధించిన మాటలను ఎంచుకోకూడదు. గుండెను 'అల్బ్' అనే కైరోవాసి ఖుర్‌ఆన్ అనేటప్పుడు, తన నగరం పేరు అల్‌ఖాహిరా అనేటప్పుడు ఖాఫ్‌ను లోతుగానే పలుకుతాడు, ఎందుకంటే ఆ మాటలు ఫుస్‌హా దారిన వచ్చినవి. గుండె, కాఫీ, చెప్పాడు, లేచాడు, దగ్గర వంటి మాటలను మాత్రమే మీ పట్టికలో పెట్టుకోండి.

ఫుస్‌హాలో జకారంగా పలికే జీమ్ అక్షరాన్ని ఖాఫ్ తరవాత చూడాలి. కైరోలో అది గకారం. జమాల్ అన్న పేరు ఈజిప్టు నాయకుడు నాసర్ విషయంలో ప్రపంచమంతటికీ గమాల్‌గా పరిచయమైంది. బేరూతు, డమాస్కస్‌లలో అది ఫ్రెంచివారి జకారంలాగా మెత్తగా ఉంటుంది. కువైట్‌లో చాలా మాటల్లో యకారం. కాబట్టి ఒక రికార్డింగులో గకారం విన్నంత మాత్రాన ఏమీ తేల్చలేం: అది జీమ్ స్థానంలో వచ్చిందా, ఖాఫ్ స్థానంలో వచ్చిందా అని చూడాలి. మొదటిదైతే మాట్లాడేది కైరోవాసి కావచ్చు, రెండోదైతే దక్షిణ ఈజిప్టువాసో, గల్ఫ్‌వాసో కావచ్చు.

ధ్వనుల తరవాత క్రియ. క్రియలో వచ్చే తేడాలు పదాల తేడాల కన్నా నమ్మదగినవి, ఎందుకంటే మాటలు సినిమాల ద్వారా, పాటల ద్వారా సులభంగా ఒక ఊరినుంచి మరో ఊరికి పోతాయి గాని, క్రియారూపాలు అంత తొందరగా కదలవు. 'రాస్తున్నాడు' అనడానికి కైరోలో 'బియిక్తిబ్', బాగ్దాదులో 'దయిక్తిబ్', మొరాకోలో 'కయ్‌క్తెబ్' అంటారు. ముందు చేర్చే ముక్క మారుతున్నది. గల్ఫ్‌లో వర్తమానానికి ఏ ముక్కా చేర్చనవసరం లేదు. పైగా అక్కడ 'బ' చేరిస్తే అది రాయబోతున్నాడన్న అర్థాన్ని ఇస్తుంది. కైరోలో వర్తమానాన్ని సూచించే ముక్కే గల్ఫ్‌లో భవిష్యత్తును సూచిస్తుందన్నమాట. ఇటువంటిదే మరొకటి: ట్యునీషియానుంచి మొరాకో వరకు 'నెక్తెబ్' అంటే 'నేను రాస్తాను'; కైరోలో 'నిక్తిబ్' అంటే 'మేము రాస్తాము'. పడమటి మాండలికాలను తూర్పు మాండలికాలనుంచి వేరుచేసే గుర్తుల్లో ఈ నకారం ప్రధానమైనది. ఇప్పుడు స్వతంత్ర భాషగా నిలిచి, రోమన్ లిపిలో రాసుకుంటూ, 2004నుంచి ఐరోపా సమాఖ్య అధికార భాషల్లో ఒకటైన మాల్టీస్‌లోనూ 'నేను రాస్తాను' అనడానికి 'నిక్తెబ్' అంటారు. ఆ భాష ఏ వంశానిదో ఆ ఒక్క రూపమే చెబుతుంది.

విడి మాటల మీద ఎక్కువ కాలం గడపనవసరం లేదు. 'ఇప్పుడు' అనడానికి కైరోలో దిల్‌వఅతి, డమాస్కస్‌లో హల్లఅ, బాగ్దాదులో హస్సా, గల్ఫ్‌లో అల్‌హీన్, ట్యునీషియాలో తవ్వా, మొరాకోలో దాబా అంటారు. 'ఏమిటి', 'కావాలి', 'ఉంది', 'లేదు' అన్న మాటలు కూడా చేరిస్తే ఒక మనిషి ఏ ప్రాంతంవాడో రెండు నిమిషాల్లో ఊహించవచ్చు. ఊహకు అవి పనికివస్తాయి. నిర్ధారణకు ధ్వనినీ క్రియనూ చూడాలి.

ప్రాంతం తరవాత సమాజం. ఒకే నగరంలో ఉండే భేదాలకు బాగ్దాదు పేరుపొందిన ఉదాహరణ. అక్కడి మూడు మతాల వారి పలుకులను పోల్చి హాయిమ్ బ్లాంక్ 1964లో ప్రచురించిన పరిశోధన తరవాతివారికి మార్గదర్శకమైంది. 'నేను అన్నాను' అనడానికి ముస్లింలు 'గిలిత్' అనగా, యూదులూ క్రైస్తవులూ ఖాఫ్‌తో 'ఖెల్తు' అనేవారు. 1258లో మంగోలులు నగరాన్ని నాశనం చేసిన తరవాతి శతాబ్దాల్లో ఎడారి తెగలవారు వచ్చి చేరడంతో ముస్లింల పలుకు మారిందనీ, మిగతా రెండు సమాజాలలో పాత నగరపు పలుకు నిలిచిందనీ పండితుల వివరణ. అయితే ఉత్తర ఇరాకులోని మోసుల్‌లో ముస్లింలు కూడా ఖెల్తు రకం మాండలికమే మాట్లాడతారు. కాబట్టి దీన్ని మతంతో ముడిపెట్టి సూత్రీకరించడం తప్పు. ఎవరు ఎప్పుడు ఎక్కడినుంచి వచ్చి స్థిరపడ్డారన్న చరిత్రే అసలు కారణం.

అమ్మాన్ మరింత శ్రద్ధగా చూడవలసిన నగరం, ఎందుకంటే అక్కడ ఒక మాండలికం పుట్టడాన్ని మనం దగ్గరనుంచి చూడగలుగుతున్నాం. 1921లో ట్రాన్స్‌జోర్డాన్ రాజధాని అయ్యేనాటికి అది చిన్న ఊరు, దానికంటూ పాత నగరపు పలుకు లేదు. చుట్టుపక్కల జోర్డాన్ ఊళ్లవారు గకారంతో వచ్చారు; 1948లోనూ 1967లోనూ పాలస్తీనా నగరాలనుంచి వచ్చినవారు గొంతు మూసి పలికే ఖాఫ్‌ను తెచ్చారు. ఇనామ్ అల్‌వేర్ చేసిన పరిశోధనల ప్రకారం మొదటి తరం ఎవరి పలుకును వారే నిలుపుకున్నారు, రెండో తరంలో కలగలుపు ఎక్కువైంది, మూడో తరానికి కొత్త అమ్మాన్ పలుకు కుదురుకుంది. ఆ పలుకులో యువతులు, కుటుంబ మూలం ఏదైనా, నగరాలనుంచి వచ్చిన రూపాన్నే వాడుతున్నారు. జోర్డాన్ మూలాల యువకులు మాత్రం సందర్భాన్ని బట్టి, ఎదుటివారిని బట్టి రెండింటి మధ్య మారుతుంటారు, మగవాళ్ల మధ్య గకారం బలంగా వినిపిస్తుంది. ఒకే ఇంట్లో అన్న 'గాల్' అని, చెల్లెలు 'ఆల్' అని 'చెప్పాడు' అనే క్రియను పలకవచ్చు. ఇటువంటి చోట అమ్మాన్ మాండలికంలో ఖాఫ్ ఎలా పలుకుతారని అడగడమే అసంపూర్ణ ప్రశ్న. ఏ తరంవారు, స్త్రీలా పురుషులా, ఎవరితో మాట్లాడుతున్నప్పుడు అని కలిపి అడిగితేనే జవాబుకు అర్థం ఉంటుంది.

చదువుకున్నవారు ఫుస్‌హా వైపు మొగ్గుతారన్న ఊహను బహ్రెయిన్ బలహీనపరిచింది. అక్కడి షియా సమాజమైన బహార్నా వారు కోడిని జీమ్‌తో 'దజాజ్' అంటారు, ఇది ఫుస్‌హాకు దగ్గర. సున్నీ అరబ్బులు యకారంతో 'దియాయ్' అంటారు. ఫుస్‌హా ఒక్కటే గౌరవ చిహ్నమైతే అందరూ జీమ్ వైపు నడవాలి. కాని కలిసి మెలిసి మాట్లాడే సందర్భాల్లో బహార్నా వారే యకారం వైపు జరగడాన్ని భాషావేత్త క్లైవ్ హోల్స్ నమోదు చేశాడు, ఎందుకంటే నగరంలో పలుకుబడి ఉన్న పలుకు అది. పుస్తకానికి ఉన్న గౌరవం వేరు, వీధిలో ఉన్న గౌరవం వేరు. మాట ఎటు మారుతున్నదో తెలియాలంటే రెండోదాన్ని చూడాలి.

ఇక మాటలను సేకరించడం. దూరంగా ఉండి చదువుకునేవారికి జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో ఉంచిన సెమిటిక్ భాషల ధ్వని భాండాగారం చాలా ఉపయోగపడుతుంది. ఊరి పేరుతో సహా అసలు మనుషుల మాటలు అందులో వినవచ్చు. ఒకే వాక్యాలను 25 నగరాల మాండలికాల్లోకి మార్పించి రూపొందించిన మదార్ అనే సేకరణ కూడా ఉంది. పోలికకు అది చక్కనిదే, కాని అవి అనువదించిన వాక్యాలన్న సంగతి మరవకూడదు. ఎదుట ఉన్న వాక్యం నడక అనువాదంలోకి జారుతుంది. సామాజిక మాధ్యమాల్లో అరబ్బులు రోమన్ అక్షరాలతో రాసుకునే మాటల్లో 3 అంకె గొంతు లోపల నొక్కి పలికే ఐన్ అక్షరానికీ, 7 బరువైన హకారానికీ, 2 గొంతు మూతకూ గుర్తులు. కైరో యువకుడు గుండెకు 2 తో మొదలుపెట్టి రాస్తే, ఖాఫ్‌ను అతడు ఎలా పలుకుతాడో అతడి రాతే చెబుతున్నదన్నమాట.

ముఖాముఖి సేకరణలో పెద్ద చిక్కు ఏమిటంటే, మాట్లాడేవారు మీ కోసం తమ మాటను సర్దుకుంటారు. మీరు ఫుస్‌హాలో ప్రశ్న వేస్తే జవాబు కూడా అటు జరుగుతుంది. 'మీ ఊళ్లో దీన్ని ఏమంటారు' అని పదే పదే అడగడం కన్నా, చిన్నప్పటి పండుగ ఎలా జరిగేది, పెళ్లిలో ఏం వండేవారు అని అడిగి, మాట సాగనివ్వండి. రాసినది చదివించవద్దు. ఇద్దరు స్నేహితులు కలిసి ఉన్నప్పుడు రికార్డు చేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే వారు ఒకరితో ఒకరు మాట్లాడుకునేటప్పుడు మిమ్మల్ని కొంతసేపైనా మరిచిపోతారు. రికార్డు చేస్తున్నట్టు ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి. బహ్రెయిన్‌లోనూ ఇరాకులోనూ పలుకు మనిషి మతశాఖను బయటపెట్టగలదు కాబట్టి, ఎవరి మాట ఏదో గుర్తుపట్టే వివరాలను ప్రచురణలో ఉంచకూడదు. ఈ విషయంలో ఎంత జాగ్రత్త పడినా ఎక్కువ కాదు.

కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలనుంచి గల్ఫ్‌కు వెళ్లి వచ్చినవారు మాట్లాడే అరబ్బీ ప్రత్యేక అధ్యయనానికి అర్హమైన విషయం. అక్కడ వేర్వేరు భాషల శ్రామికులు యజమానులతోనూ, ఒకరితో ఒకరూ మాట్లాడుకోవడానికి ఏర్పడిన మిశ్రమ రూపాన్ని పరిశోధకులు గల్ఫ్ పిడ్జిన్ అరబ్బీ అంటారు. అందులో క్రియ పురుషను బట్టి మారదు: 'అనా రూహ్' అంటే నేను వెళ్తాను, 'ఇంతా రూహ్' అంటే నువ్వు వెళ్తావు. వ్యతిరేకార్థానికి 'మాఫీ' అన్నిచోట్లా సరిపోతుంది. కువైటీలు తమలో తాము 'ఉంది' అనడానికి 'అకూ', 'లేదు' అనడానికి 'మాకూ' అంటారు. కాబట్టి తెలుగు కార్మికుడి 'మాఫీ'ని కువైట్ మాండలికానికి సాక్ష్యంగా తీసుకోకూడదు. అలాగే దాన్ని తప్పుల అరబ్బీగా కొట్టివేయనూ కూడదు. దానికి తనవైన నియమాలున్నాయి. ఇళ్లలో పనిచేసిన స్త్రీలు ఆ ఇంటి ఆడవాళ్లతో రోజంతా మాట్లాడినవారు; నిర్మాణ పనుల్లో ఉన్న పురుషులు ఎక్కువగా ఇతర దేశాల శ్రామికులతో మాట్లాడినవారు. ఈ రెండు బృందాల అరబ్బీలో 'మాకూ', 'చ' వంటి స్థానిక రూపాలు ఎంత మేరకు చేరాయో పోల్చి చూడటం తెలుగు పరిశోధకులకు స్వగ్రామంలోనే అందుబాటులో ఉన్న పని. హైదరాబాదు బార్కాస్‌లో, నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్‌నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఉన్నారు. 'బా'తో మొదలయ్యే ఇంటిపేర్లు ఆ మూలానికి గుర్తు. ఉర్దూ ప్రధాన భాష అయిన ఆ ఇళ్లలో హద్రమీ మాటలు వంటల పేర్లలో, బంధుత్వ పదాల్లో, సామెతల్లో ఏవి మిగిలాయో పెద్దవారిని అడిగి నమోదు చేయాలి.

సేకరించినదాన్ని అమర్చేటప్పుడు ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క పటం గీయండి. బెర్గ్‌ష్ట్రాసర్ 1915లో సిరియా, పాలస్తీనాలకు గీసిన పటాలనుంచి బేన్‌ష్టెట్, వోయ్‌డిష్ ఈజిప్టుకు గీసిన పటాల వరకు పద్ధతి ఇదే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తిపదకోశాన్ని చూసినవారికి, ఒకే వస్తువుకు ఊరూరా ఏమంటారో అడిగి ప్రాంతాల వారీగా అమర్చే తీరు పరిచితమే. ఖాఫ్ పటం, జీమ్ పటం, క్రియ పటం విడివిడిగా పూర్తయ్యాక ఒకదానిమీద ఒకటి పరచి, గీతలు ఎక్కడ కలిసి నడుస్తున్నాయో, ఎక్కడ విడిపోతున్నాయో చూడండి. కలిసి నడిచే చోట తెగల వలసనో, పాత వ్యాపార మార్గాన్నో, కొండనో నదినో వెతకాలి. విడిపోయే చోట మరికొన్ని ఊళ్లకు వెళ్లి అడగాలి. పటంలో ప్రతి చుక్క పక్కనా ఆ మాట చెప్పినవారి వయసు, వారు స్త్రీయా పురుషుడా, తల్లిదండ్రులు ఎక్కడివారు అన్న వివరాలు పేరు లేకుండా మీ దగ్గర ఉండాలి. అవి లేని చుక్కను పటంలో పెట్టకండి.